డేగయు వేటగాడును

గద్ద యనిన ఒకే పక్షి యని పట్నవాసి తలచును. మన పల్లెలలో ఏండ్ల తరబడి అడవి తిరిగిన వానిని అడిగిచూడుడు. ఊరిపై తిరుగు నల్లగద్ద వేరు. చెరువుమీద తిరుగు తెల్లతల, ఎఱ్ఱరెక్కల గరుడపక్షి వేరు. చేనిపైన ఒక్కచోటనే రెక్కలాడించుచు నిలిచి క్రింది ఎలుకను కనిపెట్టు అడవిరామదాసు వేరు. కుందేలును కొట్టగల కుందేటి సాళువ, నీట మునిగి చేపను ఎత్తుకొనిపోవు కొరమీను గద్ద, పావురమును ఆకాశమునందే తన్ను బైరి, కంచెలో దూరి పిచ్చుకను పట్టు జాలెడేగ, పాములగద్ద, ఇవి అన్నియు వేరువేరు. ఈ పేర్లను పండితులు పెట్టలేదు. వేటగాండ్రును, పిట్టలు పట్టువారును పెట్టిరి. మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండి నెల్లూరిలో కొంతకాలము పనిచేసిన జెర్డాను దొర 1862 మొదలు 1864 వఱకు భారతదేశ పక్షులను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందు ఇంగ్లీషు పేరుతో పాటు తెలుగు పేర్లను గూడ చేర్చెను. ఆ పేర్లు ఆయనకు ఏ నిఘంటువునందును దొరకియుండవు. వలలు భుజమున వేసికొని తిరుగువారి నోటినుండియే దొరకియుండును.

ఆ గ్రంథము మాట ఇక్కడ ఏల యనిన, నేటి విషయమంతయు ఆ పేర్లతోనే ముడిపడి యున్నది. డేగను, గద్దను, రాబందును, గుడ్లగూబను చంపుట నేరమని నేడు శాసనము చెప్పుచున్నది. శాసనమును నడపు అటవీశాఖ బీటు ఉద్యోగి యొక్కడు. అతని క్రింద నున్న అడవియో, పల్లెలును గుట్టలును చేరి కాళ్లరుగ తిరిగినను తరుగనిది. ఏ గుట్టపైన ఏ పక్షి గూడు కట్టినది, ఏ చెరువున ఎవడు వల వేసినాడు, ఏ కళేబరములో ఎవడు మందు కలిపినాడు అన్నది మొదట తెలియునది వేటను ఎరిగిన వానికే. కావున ఈ పక్షులను దొంగచాటు చావునుండి కాపాడు భారము మొదట వేటగానిది, పిదప సర్కారుది. ఈ మాట వింతగా తోచవచ్చును. చరిత్రను చూచినచో అంత వింత కాదు.

మన కామారెడ్డి జిల్లా పడమటి కొసన కౌలాసు కోట యున్నది. దానికి నైరుతి దిక్కున, బీదరు సీమలో, పశ్చిమ చాళుక్యుల రాజధానియైన కల్యాణము కలదు. అచ్చట ఏలిన మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. రాజులకు తగిన వినోదములను చెప్పుచు అందు డేగవేటను గూడ ఒక వినోదముగా వర్ణించెను. డేగలను పట్టు విధము, వాని మంచి చెడ్డలు, మచ్చిక చేయు పద్ధతి అందు కలవు. తరువాతి కాలమున, హిమాలయ ప్రాంతమైన కుమాయూనును ఏలిన రుద్రదేవుడు డేగవేటకే శ్యైనికశాస్త్రమను ప్రత్యేక గ్రంథము వ్రాసెను. దానిని 1910లో కలకత్తా ఏషియాటిక్ సంఘమువారు అచ్చువేయించిరి.

తెలుగువారికి అంతకంటె దగ్గరి సాక్ష్యము ఒక ఇంటిపేరు. విజయనగర సింహాసనమును 1485లో ఎక్కిన సాళువ నరసింహుని వంశనామమునకు అర్థము వేటాడు డేగ యనియే. ఆ వంశమువారు కల్యాణ ప్రాంతమునుండి దక్షిణమునకు పోయినవారని చరిత్రకారులు చెప్పుదురు. మన వేటగాండ్రు కుందేటి సాళువ యను నప్పుడు పలుకునది ఆ మాటనే. రాజు తన వంశమునకు పెట్టుకొనిన పేరును వేటగాడు గుట్టమీది పక్షికి ఇచ్చెనో, వేటగాని మాటనే రాజు ఎరువు తెచ్చుకొనెనో! రెండవదియే నిజమని నా అభిప్రాయము.

డేగవేటలో ఒక రహస్యము కలదు. అది మన విషయమునకు మూలము. డేగను పట్టి కన్నులు మూసి, కాళ్లకు తోలుపట్టెలును గజ్జెలును కట్టి, ఆకలిగొన్నపుడు పిడికిటి మీదనే మాంసము పెట్టి కొన్ని వారములలో మచ్చిక చేయుదురు. కాని ఆ కాలమున మచ్చికయైన డేగ మనుష్యుని యింట గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయుట లేదు. ప్రతి డేగను అడవినుండియే తేవలెను. ఈ ఏటి గూడు చెడినచో ముందుటేటికి డేగ లేదు. అందుచేత గూడున్న గుట్టను, చెట్టును కాపాడుకొనుట వేటగానికి దయతో కాదు, స్వలాభముతో పుట్టిన బుద్ధి. ఇంగ్లండులో 1495 ప్రాంతమున ఏడవ హెన్రీ రాజు డేగ గ్రుడ్లను దొంగిలించినవారికి కారాగారశిక్ష విధించు శాసనము చేయించెను. ఆ రాజు పక్షిప్రేమికుడని ఎవరును భ్రమపడనక్కరలేదు. డేగలు లేక తన వేట సాగదు, అంతియే.

ఇట్టి స్నేహమును చెడగొట్టినది తుపాకి. పక్షులను పడగొట్టుటకు గుండు చాలినపుడు డేగతో పనియేమి? పని లేకపోవుటయే గాక, తాను కొట్టదలచిన కంజును, పూరేడును, బాతును ముందుగా తన్నుకొనిపోవు డేగ వేటగానికి పోటీదారు అయ్యెను. ఇంగ్లండులో ధనికుల వేటమడులలో పక్షులను పెంచు కావలివారు డేగయని లేదు, గద్దయని లేదు, గుడ్లగూబయని లేదు, కనబడినదానిని కనబడినట్లే కాల్చిరి; విషము పెట్టిరి; బోనులు పన్నిరి. ఎఱ్ఱగద్ద ఇంగ్లండులో 1870 ప్రాంతమునకు సమసిపోయెను. తెల్లతోక గరుడము బ్రిటిషు దీవులలో 1918 నాటికి కడపటి పక్షి వఱకును పోయెను. మరల వానిని అన్యదేశములనుండి తెచ్చి విడువవలసి వచ్చినది. ఎఱ్ఱగద్దను తెచ్చి విడుచుట 1989లో మొదలైనది. అనగా పోగొట్టినదానిని మరల తెచ్చుకొనుట మొదలుపెట్టుటకే నూరేండ్లకు పైగా పట్టినది.

ఆ దొరలే మన దేశమున వేటచట్టములు వ్రాసిరి. 1912లో బ్రిటిషు ఇండియాలో అడవి పక్షుల, మృగముల రక్షణ శాసనము వచ్చెను. దాని పట్టికను చదివినచో నాటి వేటగాని మనస్సు తేటగా కనబడును. బట్టమేక, బాతు, అడవికోడి, కౌజు, నెమలి, పావురము, పూరేడు, ఇవి పట్టికలో గలవు. ఈకల వ్యాపారమునకు బలియగు కొంగలును, పాలపిట్టయు, లకుముకిపిట్టయు గలవు. డేగ లేదు, గద్ద లేదు, రాబందు లేదు, గుడ్లగూబ లేదు. తినుటకో అమ్ముటకో పనికి వచ్చు పక్షిని కాపాడవలెను. పనికిరానిదానిని ఎవడు చంపినను అడుగువాడు లేడు. ఆ శాసనము నిజాం రాజ్యమునకు చెల్లలేదు. అయినను నాటి చదువరులైన వేటగాండ్ర కొలబద్ద ఎట్టిదో దానివలన తెలియును.

గద్ద కోడిపిల్లను ఎత్తుకొనిపోవుట లేదా యని మీరు అడుగుదురు. ఎత్తుకొనిపోవును. ఇంటి ముంగిట తల్లికోడి రెక్కలు విప్పి అరచుట ఎవరెరుగరు? కాని ఆ నష్టమును లెక్కవేసి చూచినవారు ఒకరు కలరు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమువారు 1885లో డేగను గాని గుడ్లగూబను గాని చంపి తెచ్చినవానికి తలకు అర డాలరు చొప్పున బహుమానము ప్రకటించిరి. ఏడాదిన్నరలో బహుమానముల క్రిందను వాని ఖర్చుల క్రిందను సుమారు 90,000 డాలర్లు వ్యయమయ్యెను. మెరియము అను శాస్త్రజ్ఞుడు లెక్క తీసి, ఇంతయు ఖర్చుపెట్టి కోళ్లపెంపకమువారికి మిగిల్చినది 1,875 డాలర్లు మాత్రమే యనియు, చచ్చిన ఆ పక్షులు తినవలసిన ఎలుకలు పంటపై పడి చేసిన నష్టము దానికి ఎన్నో వందల రెట్లు అనియు చూపెను. మన శిబి చక్రవర్తి కథలో డేగ చేసిన వాదము దీనికి ముందే యున్నది. పావురమును కాచుట నీకు ధర్మమైనచో, నా ఆకలికి దేవుడిచ్చిన ఆహారమును నాకు కాకుండ చేయుట ఏ ధర్మమని అది రాజునే నిలదీసినది. రాజునకు సమాధానము దొరకక తన తొడ కోసి త్రాసులో పెట్టెను. కథ వినువారు శిబి త్యాగమునే మెచ్చుకొందురు. డేగ వాదమును ఎవరును తలచరు.

ఎలుకల మాట మన సీమకు మిక్కిలి దగ్గరిది. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరము, నవాబ్ అలీ నవాజ్ జంగు కట్టించినది, మంజీర నీటిని కాలువలలో పారించి మెట్టను మాగాణి చేసెను. సుమారు 2,75,000 ఎకరముల ఆయకట్టునకు అది ఉద్దేశింపబడినది. వరి పెరిగెను, చెఱకు పెరిగెను, కామారెడ్డి బెల్లము పేరుకెక్కెను. వరియు చెఱకును గల చోట ఎలుక లేకుండునా? ఎలుక గల చోటికి పగలు అడవిరామదాసును, రాత్రి పైడికంటెయు వచ్చును. పైడికంటెను అపశకునమని రాళ్లు రువ్వి చంపు రైతు, మఱునాడు ఎలుకలమందు కొనుటకు అంగడికి పోవును.

ఇక మన చోటి వేటను చూతము. ఎల్లారెడ్డి మెదకుల నడుమ, మంజీరలో కలియు ఆలేరు వాగుపై 1922 నాటికి కట్ట వేయగా పోచారము చెరువు ఏర్పడెను. దాని చుట్టునున్న అడవి నిజాము ప్రభువుల వేటమడి. షికార్గా యని దానిని పిలిచెడివారు. అందులో ప్రభువునకును, ఆయన సెలవు పొందినవారికిని తప్ప తుపాకి పేల్చు అధికారము లేదు. కావున అడవి కొంత నిలిచినది. ఆ మేలు ఒప్పుకొనవలసినదే. ఆ మేలునకు వెల ఎవరు చెల్లించిరి? అధికారి వేటకు వచ్చినచో చుట్టుపట్ల పల్లెలవారు పని మానుకొని డప్పులు కొట్టుచు, కేకలు వేయుచు మృగములను తుపాకికి ఎదురుగా తోలవలెను. హాకా యనెడివారు. డేరాలు మోయుట, కట్టెలు, పాలు, కోళ్లు ఇచ్చుట, అంతయు వెట్టి. కుందేలును పట్టిన పేదవాడు నేరస్థుడు. పులిని కొట్టి కాలుమోపి పటము తీయించుకొనినవాడు దొర. ఆ అన్యాయము మన పెద్దలు పెక్కురు తమ తండ్రులవలన వినియే యుందురు. అడవిచట్టమనిన మన పల్లెవానికి నేటికిని నమ్మకము చాలకుండుటకు మూలము అచ్చట నున్నది. ఈ మూలమును మరచి పక్షిరక్షణమును బోధించువారి మాట చెవిని బడదు.

మఱియొక అన్యాయమును చెప్పవలెను. పిట్టలు పట్టి బ్రతికిన పారుధులవంటి జాతులను 1871 మొదలుకొని బ్రిటిషువారు చేసిన శాసనములు పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసెను. ఆ ముద్ర 1952 ఆగస్టు 31న తీసివేయబడినది. కాగితము మీద తీసివేయబడినది. పక్షి చచ్చిన చోట మొదట అనుమానము నేటికిని వారి గుడిసె మీదికే పోవుచున్నది. వల తెలిసినవాడు దొంగ యని తలచుట సులభము. వల తెలిసినవాడే కావలి కాదగినవాడు అనుట నా ఉద్దేశము. దానికి రెండు నిదర్శనములు చూపెదను.

మన దేశపు పిట్టలవారు డేగలను పట్టుటకు బాల్‌ఛత్రి యను చిన్న ఉపకరణమును వాడెడివారు. చిన్న పంజరములో ఎలుకనో పిచ్చుకనో ఉంచి, పైన గుఱ్ఱపు వెండ్రుకలతో ఉచ్చులు కట్టుదురు. డేగ వాలగానే గోళ్లు ఉచ్చులలో చిక్కును. పక్షికి దెబ్బ తగులదు. దీనిని అమెరికా శాస్త్రజ్ఞులు మెఱుగుపఱచి 1959లో తమ పత్రికలో వర్ణించిరి. నాటినుండి ప్రపంచమంతట డేగలను పట్టి, కాలికి అంకెగల ఉంగరము తొడిగి విడుచుటకు ఈ పరికరమునే వాడుచున్నారు. పేరు గూడ మన పేరే. రెండవది అలీ హుస్సేను కథ. ఆయన బీహారులో తరతరములుగా పక్షులను పట్టి అమ్ము మీర్‌షికారు కులమున పుట్టినవాడు. ఆ నేర్పునే బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వాడుకొనిరి. వేలకొలది పక్షులను గాయములేక పట్టి ఉంగరములు తొడుగు పనిలో ఆయన దీర్ఘకాలము శాస్త్రజ్ఞులకు కుడిచేయి యయ్యెను. ఆ సంఘమునకు చెందిన సలీం అలీయే 1931లో నిజాం ప్రభుత్వ సహాయముతో హైదరాబాదు రాజ్యమందలి పక్షులను పరిశీలించి, 1933, 1934 సంవత్సరములలో ఫలితములను ప్రకటించెను. అడవి దారులు తెలిసిన స్థానికులు లేక అట్టి పరిశీలన ఒక్క దినమైనను సాగదు.

స్వాతంత్ర్యానంతరము శాసనము మెల్లగా త్రోవకు వచ్చినది. పోచారము వేటమడి 1952లో అభయారణ్యముగా ప్రకటింపబడెను. సుమారు 130 చదరపు కిలోమీటర్ల నేల. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. దాని క్రింద మొదట కొంత వేటకు లైసెన్సులు ఉండెడివి. 1991 సవరణతో అవి పోయినవి. 2022లో మరల సవరింపబడి 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టికలలో వేటపక్షులలో అనేకము మొదటి షెడ్యూలునకు చేరినవి. ఆ షెడ్యూలులోని ప్రాణిని చంపినవానికి మూడేండ్లకు తక్కువ గాక ఏడేండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. 1912 పట్టికలో స్థానము లేని డేగ నేడు పులితో పాటు కూర్చున్నది. ఇంకొక మాట పలువురకు తెలియదు. చట్టము ప్రకారము వేట యనగా చంపుట మాత్రమే కాదు. పట్టుట, ఉచ్చు పన్నుట, గ్రుడ్లను పాడుచేయుట, గూటిని కదలించుట సైతము వేటయే. తాటిచెట్టుపై గూడు కలదని పిల్లవాండ్రు రాళ్లు విసరుట ఆట యని మనము నవ్వుకొందుము. చట్టము నవ్వదు.

శిక్ష ఇంత కఠినమైనను చావులు ఆగలేదు. ఏలయనగా నేటి చావులలో తుపాకి ధ్వని లేదు. మేకను చిఱుత తినెనని, కుక్కలు పెచ్చు పెరిగెనని, కళేబరములో గుళికలమందు కలుపుదురు. చిఱుత రాదు, గద్ద వచ్చును. అస్సాములోని ఛాయ్‌గావు వద్ద 2022 మార్చిలో విషము కలిసిన మేక కళేబరములను తిని సుమారు నూరు రాబందులు ఒక్కచోట చచ్చెను. రాబందులపై ఎవరికిని పగ లేదు. మందు వేరొకదానికై పెట్టినది. కొక్కెరలకై చెరువున పన్నిన వలలో చలికాలపు నీటిగద్ద చిక్కి తెల్లవారునప్పటికి చచ్చియుండును. వల వేసినవాడు దానిని కట్టక్రింద పారవైచి మాటలేక పోవును. పందికై ఒడ్డున వేసిన కరెంటుతీగ పందిని, పశువును, తుదకు మనుష్యుని గూడ ఎరుగదు.

రాబందుల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పి ముందుకు పోయెదను. ఊరవతల గొడ్లను పడవేయు చోట నలువదేండ్ల క్రిందట ఎన్ని రాబందులు వ్రాలెడివో మీకు జ్ఞాపకముండును. వాని నాశనమునకు వేటగాడు కారకుడు కాడు. పశువుల నొప్పికి వేయు డైక్లోఫినాకు అను మందు కళేబరము ద్వారా వాని కడుపున చేరి మూత్రపిండములను చెడగొట్టినదని 2004లో తేలినది. 2006లో పశువులకు ఆ మందు నిషేధింపబడెను. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగా పోయెను. తెలంగాణములో ఆసిఫాబాదు వైపున బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై 2013లో కొన్ని పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడినపుడు అది వార్త యయ్యెను. ఒకప్పుడు కాకివలె కనబడిన పక్షి కనబడుట వార్త యగు కాలము వచ్చినది.

వేటగాండ్రు తామే పూనుకొని ఆపిన చోటు కలదా యనిన, కలదు. నాగాలాండులో వోఖా జిల్లా పాంగ్టి గ్రామము. దోయాంగు నదిపై కట్టిన ఆనకట్ట నీటి ప్రక్కన, ఆశ్వయుజ కార్తికములలో, ఆముర్ డేగలు లక్షలకొలది వ్రాలును. పావురమంతయు లేని చిన్న పక్షి. సైబీరియా, ఉత్తర చైనాలనుండి దక్షిణాఫ్రికా వఱకు పోవును. పాంగ్టివారు, చుట్టుపట్లవారు చెట్లనడుమ చేపల వలలు కట్టి వానిని పట్టి అమ్మెడివారు. 2012లో బానో హరాలు మొదలగువారు అచ్చటికి పోయి చూచి, ఒక్క ఋతువులో లక్షా ఇరువదివేలనుండి లక్షా నలువదివేల వఱకు డేగలు చచ్చుచున్నవని అంచనా వేసి లోకమునకు తెలిపిరి. మఱుసటి యేడు గ్రామసభ నిషేధము విధించెను. పట్టినవారే, ఆ చెట్లున్న నేలల యజమానులే, సంఘముగా చేరి కావలి కాచిరి. 2013లో పాంగ్టిలో ఒక్క వలయు కట్టబడలేదు.

ఆ కావలిని నేను గొప్పచేసి చెప్పుట లేదు. వేటవలన వచ్చు డబ్బు పోయినది. బదులుగా వచ్చునన్న యాత్రికుల రాబడి అందరికిని సమముగా అందలేదని అచ్చటివారు సణుగుచునే యున్నారు. సణుగుట న్యాయమే. అయినను వల మరల కట్టలేదు. పొరుగున నున్న మణిపురములో, తమెంగ్లాంగు జిల్లాలో, 2018లో వీపున యంత్రము కట్టి విడిచిన మణిపుర్ అను పేరుగల డేగను ఎవరో కొన్ని దినములలోనే చంపిరి. అచ్చటను నిషేధము లేకపోలేదు. వేటగాండ్రు ఒక్కమాటపై నిలువని చోట నిషేధము కాగితమే.

పాంగ్టికిని మనకును సంబంధమేమి యందురేమో. 2013 నవంబరులో అచ్చట మూడు డేగలకు యంత్రములు కట్టి, నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టి విడిచిరి. అవి బంగాళాఖాతము మీదుగా వచ్చి మన ద్వీపకల్పమును అడ్డముగా దాటి అరేబియా సముద్రముపై పడినవి. నాగా యను పక్షి సుమారు 5,600 కిలోమీటర్లు దిగకుండ అయిదున్నర దినములలో పోయి ఆఫ్రికా చేరెను. ఆ త్రోవ తెలుగునేల ఆకాశములోనుండియే పోవును. కంది పూతకు వచ్చు దినములలో మన పొలములపై రాత్రివేళ అవి ఎగిరిపోవుచుండవచ్చును, మనకు తెలియదు. పాంగ్టి వేటగాడు విడిచిన పక్షిని ఇచ్చటి వేటగాడు గూడ విడువవలెను గదా.

ఇప్పుడు మన ఊళ్లలో చట్టబద్ధముగా తుపాకి పట్టువాడు మిగిలియున్నది ఒక్క సందర్భముననే. పంటలను పాడుచేయు అడవిపందిని అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తర్వుతో చంపించుటకు చట్టము వీలు కల్పించినది. అట్టి షూటరును ఊరివారు పిలిపించునపుడు పెద్దలు చేయవలసిన బేరము గుండ్ల వెల గూర్చి మాత్రము కాదు. పంది ఎచ్చట పడినదో చూపవలెను. గాయపడి పారిపోయినదానిని వెదకవలెను. ఏలయనగా దాని మాంసములో సీసపు తునకలు ఉండును, వానిని తినిన గద్దకు సీసము విషము. అమెరికాలో కొండోరు అను పెద్ద రాబందులు వేటగాండ్రు విడిచిన కళేబరములలోని సీసముచేతనే పెక్కులు చచ్చుటచే కాలిఫోర్నియా రాష్ట్రము 2019 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా మాన్పించెను. మన ఊరిలో అంత పెద్ద చట్టము అక్కరలేదు. పారతో ఒక గోయి త్రవ్వి కళేబరమును పూడ్చినను చాలును.

మందు పెట్టిన కళేబరమును మొదట చూచునది పశువులకాపరి. వల వేసినవానిని మొదట గుర్తుపట్టునది తానొకప్పుడు వల వేసినవాడు. అతడు వచ్చి చెప్పినపుడు వానినే నిందితునిగా నిలువబెట్టినచో రెండవమారు చెప్పడు. నేరమును పట్టించినవానికి బహుమానము ఇచ్చుటకు చట్టములో నియమము కలదు. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది మొదలు అటవీ అధికారి కచేరి నిజామాబాదులో గాక కామారెడ్డిలోనే యున్నది. అచ్చటికి పోవువాని వెంట ఊరి పెద్ద ఒకడు తోడుగా పోయినచో, చెప్పవచ్చిన వేటగాడు వరండాలోనే నిలువక లోపలికి పిలువబడును.